తాలు వాటా

మిరప కల్లంలో ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయంటే రెండే కారణాలుంటాయి. ముక్కులకు కట్టుకున్న గుడ్డలు దాటి ఘాటు గొంతులోకి దిగి ఉండాలి, లేదా కల్లం ఆసామి శేషగిరిగారు వస్తూ ఉండాలి. ఆ సోమవారం పొద్దున రెండూ ఒకేసారి జరిగాయి.

రెబెకా తలెత్తలేదు. ముందున్న రాశిలోంచి రెండు చేతులతో కాయలు దగ్గరికి లాక్కుని, ఎర్రటివి పక్కకు తోస్తూ, తెల్లబోయినవి వెనక్కి విసురుతోంది. ఎండేటప్పుడు రంగు పట్టకుండా పాలిపోయిన కాయల్ని తాలు అంటారు. వెనక్కి విసిరిన తాలు ఆమె వీపు దగ్గర చిన్న కుప్పగా పెరిగింది. చేతులకు రాసుకున్న ఆముదం ఎప్పుడో ఇంకిపోయి వేళ్ళ సందులు మండుతున్నాయి. ఇది ఆఖరి కోత కాయ. ఈ వారంతో కల్లం ఖాళీ అవుతుంది, మనిషికో గంప తాలు ఇంటికి వస్తుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చేతుల మంట కాస్త తగ్గినట్టుండేది.

గంప తాలు అనేది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. శేషగిరిగారి తండ్రి కాలంలోనూ అంతే, ఆయన తాత కాలంలోనూ అంతే. కోత అయిపోయిన రోజున కోసినవాళ్ళు తాలు పంచుకుని నెత్తిన పెట్టుకుపోవడం జిల్లెళ్ళపాడు ఆనవాయితీ. రంగు లేకపోయినా కారం కారమే. ఎండబోసి, దంచి, జాడీకెత్తుకుంటే పేటలో ఒక్కో ఇంటికి ఏడాది గడిచేది. కూర ఉన్న రోజు కూరలోకి, లేని రోజు ఉత్త అన్నంలోకి. లేని రోజులే ఎక్కువ కాబట్టి ఆ జాడీకి పేటలో ఉన్న గౌరవం అల్లుడికి కూడా ఉండేది కాదు.

శేషగిరిగారి వెనకాల గుంటూరు గఫూర్ వచ్చాడు. ఊళ్ళమీద తిరిగి సరుకు కొనే మనిషి. ఎర్రకాయ వైపు చూడనైనా చూడకుండా నేరుగా తాలు కుప్ప దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని, ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు. రెబెకా చెయ్యి ఆగింది. తాలును అట్లా వాసన చూసే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు.

శేషగిరిగారు అందరికీ వినపడేట్టు చెప్పారు. రంగూ ఘాటూ తీసే మిల్లులు ఇప్పుడు తాలు కూడా అడుగుతున్నాయట. ఉన్నదంతా గఫూర్ భాయ్‌కి ఖాయం చేసేశారట. కాబట్టి ఈ ఏడు ఎవరూ గంపలు తెచ్చుకోవద్దట.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెబెకా మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

"అది మా వాటా కదండీ బాబుగారూ."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని రెబెకా తర్వాత చాలాసార్లు అనుకుంది. నవ్వారు. పిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పారు.

"వాటా ఏంటి రెబెకా? అప్పట్లో పారేసే సరుకు గనక పట్టుకెళ్ళారు. ఇప్పుడు పారేసే సరుకంటూ ఏదీ లేదు. తొడిమకి రేటుంది, గింజకి రేటుంది, తాలుకీ రేటొచ్చింది. దేశం ఎదగటం అంటే ఇదే మరి. కూలి ఇస్తున్నాను కదా, కొనుక్కు తినండి."

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి దేశం గురించి మాట్లాడుతున్నాడు. రెబెకా గుడ్డ మళ్ళీ పైకి లాక్కుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే ఒళ్ళు మండించింది. మొదట పత్తికంప పోయింది. పత్తి తీతలు అయ్యాక కంప పీక్కుని వంటచెరకు చేసుకునేవాళ్ళు. ఏదో బాయిలర్లలోకి కావాలని లారీలు వచ్చాక చేలో కంప ముట్టుకుంటే దొంగతనం అయింది. తర్వాత తొడిమలు పోయాయి. ఊళ్ళోకి సిరి వచ్చిన ప్రతిసారీ పేటలోంచి ఏదో ఒకటి వెళ్ళిపోతోంది. పారేసేది లేని ఊళ్ళో తమకు వచ్చేది ఏముంటుంది?

సాయంత్రం గేటు దగ్గర సాల్మన్ నిలబడ్డాడు. పేట పిల్లాడే, శేషగిరిగారి దగ్గర గుమస్తా. రెబెకాకు వరసకు తమ్ముడవుతాడు. అతను నేల చూపులు చూస్తూ, బయటికి పోయే ముందు అందరూ కొంగులు దులపాలని చెప్పాడు. "బాబుగారు దులిపించమన్నారక్కా," అని అంతకంటే మెల్లగా అన్నాడు. శేషగిరిగారు కారు పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నారు.

స్తుతి ముందు దులిపింది. చంటిపిల్ల తల్లి, మొగుడు వాడరేవు పడవల మీదికి పనికి పోయి నెలలకు గాని రాడు. ఆమె కొంగు దులుపుతుంటే లోపల రవిక తడిసి ఉండటం కనపడి సాల్మన్ మొహం తిప్పుకున్నాడు. ఒక్కొక్కళ్ళే దులిపారు. రెబెకా కొంగు విప్పి దులిపితే, నడుము దగ్గర ముడిలో ఎప్పుడు పడిందో, ఒక తాలుకాయ టపీమని నేలమీద పడింది.

శేషగిరిగారు ఫోనులోంచి తలెత్తారు. "పాత అలవాట్లు ఎక్కడికి పోతాయిలే," అన్నారు. నవ్వుతూనే. ఆ కాయను సాల్మన్ తీసి, తీసుకెళ్ళి కుప్ప మీద వేశాడు.

ఆ రాత్రి అన్నంలోకి జాడీ అడుగున మిగిలిన కారం గీకితే చెంచాడు వచ్చింది. అది అత్త ప్రేమమ్మ కంచంలో వేసింది. ప్రేమమ్మకు పళ్ళన్నీ ఊడిపోయాయి గాని నాలుక మాత్రం సాన పట్టినట్టుంటుంది. రెబెకా మొగుడు బాలస్వామి చీమకుర్తి రాళ్ళ క్వారీలో ఉంటాడు కాబట్టి ఇంట్లో వాళ్ళిద్దరే. ముసలామె ఒక ముద్ద మింగి, కొత్త కారం ఎప్పుడొస్తుందని అడిగింది. వస్తుందిలే అంది రెబెకా. గేటు దగ్గర సంగతి చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందేమోనని భయం, ఏడిస్తే కోపం కరిగిపోతుందేమోనని ఇంకా పెద్ద భయం. ఆ కోపం ఆమెకు కావాలి.

మంగళవారం నీళ్ళ పని ఆమెకు పడింది. ఎండిన కాయను గోతాల్లో తొక్కేముందు నీళ్ళు చిలకరిస్తారు, లేకపోతే కాయలు పొడిపొడి అయిపోతాయి. చిల్లులు పొడిచిన డబ్బాతో డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి, చెయ్యి ఊపుతూ రాశి చుట్టూ తిరగాలి. మెత్తబడేంత పడాలి, తడిసేంత పడకూడదు. ఎర్రకాయ మీద శేషగిరిగారి కళ్ళూ సాల్మన్ కళ్ళూ ఉంటాయి. ఆవలి మూల కప్పి ఉంచిన తాలును ఎవరూ చూడరు. రేటొచ్చినా ఇంకా తాలును చూసే అలవాటు ఎవరికీ రాలేదు.

మధ్యాహ్నం అందరూ రేకుల షెడ్డు కింద అన్నాలకు కూర్చున్నప్పుడు రెబెకా ఆ మూలకు పోయింది. పట్టా ఒక పక్క ఎత్తింది. డబ్బా పక్కన పెట్టి, బిందెతోనే పోసింది. ఒక బిందె, ఇంకో బిందె, ఇంకోటి. నీళ్ళు కాయల మధ్యనుంచి కిందికి జారుతుంటే సన్నగా చప్పుడు వచ్చింది. ఆమెకు హాయిగా అనిపించింది. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నాకు కానిది నీకూ కాకుండా పోవాలి, అంతే. పట్టా దించి, అంచుల మీద రాళ్ళు పెట్టి, గాలి చొరకుండా అదిమింది. పైన మార్చి నెల ఎండ, లోపల తడి. మిగతా పని ఆ రెండే చూసుకుంటాయి.

ఆ తర్వాతి రోజులు ఆమె చాలా బాగా పనిచేసింది. శేషగిరిగారే మెచ్చుకున్నారు. పట్టా పక్కనుంచి పోయేటప్పుడల్లా ముక్కు ఎగబీల్చేది. గురువారం నాటికి ముక్కిపోయిన వాసన సన్నగా తగిలింది. ఆ రాత్రి ఉత్త చింతపండు పులుసుతో అన్నం తింటూ రెబెకా తనలో తనే నవ్వుకుంది. ఏమే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్ అని అడిగింది ప్రేమమ్మ. ఏం లేదత్తా అంది.

శుక్రవారం గఫూర్ లారీ తీసుకొచ్చాడు. రెబెకా ఒక్కతే లారీ అవతల కూర్చుని నిండిన గోతాల మూతులు పురికొసతో కుడుతోంది, మిగతావాళ్ళు దూరంగా షెడ్డు వెనక ఎర్రకాయ తొక్కుతున్నారు. పట్టా తీశారు. పై కాయలు బాగానే ఉన్నాయి, కాస్త మెత్తబడ్డాయి అంతే. గఫూర్ మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగునుంచి ఒక కాయ తీసి విరిచాడు. లోపల్నుంచి నల్లటి దుమ్ము లేచింది. ఇంకోటి విరిచాడు. అదీ అంతే. పది విరిచి, చేతులు పంచెకు తుడుచుకుని లేచాడు.

"బూజు దిగిపోయింది శేషగిరిగారూ. నాకొద్దు."

ఎండబోసి ఇస్తానన్నారు శేషగిరిగారు. రేటు తగ్గిస్తానన్నారు. గఫూర్ తల అడ్డంగా ఊపాడు.

"ఎండబోస్తే పైకి కనపడదండీ, లోపలి విషం పోదు. లివర్లు పోతాయి. మా మిల్లులోనే పరీక్ష చేసి గేటవతల పారేస్తారు. మనుషులు తినేది కాదిది, తగలబెట్టించండి."

ఖాళీ లారీ వెనక్కి తిరిగింది. పట్టా సరిగ్గా చూడలేదని శేషగిరిగారు సాల్మన్‌ను నోటికొచ్చినట్టు తిట్టారు. రాత్రిపూట మంచు దిగి ఉంటుందండీ అని సాల్మన్ నసిగాడు. రెబెకా కుట్టు ఆపలేదు. సూది గోతంలోంచి ఎంత సులువుగా దూసుకుపోతోందో చూస్తూ కుట్టుకుంటూ పోయింది. సోమవారం నవ్విన ఆ మొహం ఇప్పుడు గంటు పెట్టుకుని ఉంది. అది చాలు. ఏడాదంతా చప్పిడి కూడు తినాల్సి వచ్చినా పరవాలేదు అనుకుంది.

అయితే శేషగిరిగారి చేతిలో పడిన వస్తువు ఊరికే తగలబడదని ఆమె ఆలోచించలేదు.

శనివారం సాయంత్రం పని అయ్యాక ఎవరూ వెళ్ళొద్దని కబురు చేశారు. గేటు దగ్గర పాస్టరు నతానియేలుగారు కూడా ఉన్నారు, చేతులు కట్టుకుని, మొహం వెలిగిపోతూ. తాలు కుప్ప పట్టా తీసి పలచగా ఎండబోసి ఉంది. పగలంతా ఎండలో కాగి పైకి గలగలలాడుతోంది. శేషగిరిగారు గొంతు సవరించుకున్నారు. మన మిర్చి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతోందన్నారు. దేశం ఎదుగుతుంటే ఆ ఎదుగుదల మీ దాకా కూడా రావాలన్నారు. రేపు మీ చర్చిలో కోత పండుగ అని పాస్టరుగారు చెప్పారు గనక, మనసు మార్చుకుని, నష్టమైనా సరే, పాత ఆనవాయితీ ప్రకారం తాలు మొత్తం మీకే ఇచ్చేస్తున్నానన్నారు.

ఆడవాళ్ళు ఒక్క నిమిషం నమ్మలేదు. తర్వాత స్తుతి ముందుకొచ్చి కొంగు పట్టింది. శేషగిరిగారు స్వయంగా చాటతో ఎత్తి పోశారు, సాల్మన్ ఫోనుతో ఫొటోలు తీశాడు. దేవుడు మన మొర విన్నాడు వదినా అని స్తుతి రెబెకా చెవిలో చెప్పింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి ఘాటువి కావు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆయన నెత్తిన కొట్టిన దెబ్బ చుట్టు తిరిగి పేట మీద పడుతోంది. ఆయనకు తెలుసు. గఫూర్ మాటలు ఆమె ఎంత స్పష్టంగా విన్నదో ఆయనా అంతే స్పష్టంగా విన్నాడు. తగలబెట్టించడానికి మనిషిని పెట్టాలి, పంచితే పేరొస్తుంది. నోరు విప్పి చెబుదామంటే, తడిపింది తనే. ఆమె వంతు వచ్చింది. ఆయన చాట ఎత్తి పోశారు. "ఇప్పుడు తృప్తేనా రెబెకా?" అని అడిగారు. ఆమె కొంగు పట్టుకుంది. అంతకంటే ఏమీ చేయలేకపోయింది.

దారిలో ఒక్క పని మాత్రం చేసింది. ఎవరూ ఇవాళ దంచుకోవద్దని, పంట ముందు దేవుడికిచ్చాకే మనం నోట పెట్టాలని, లేకపోతే పాపమని అందరికీ చెప్పింది. రెబెకా నోట పాపం పుణ్యం మాటలు ఎప్పుడూ వినని ఆడవాళ్ళు వింతగా చూశారు గాని సరేనన్నారు. అయితే వేలానికి పెట్టడానికి నేను ఒక్క జాడీడు వెల్లుల్లి కారం దంచుతాను, అది దేవుడికే కదా అంది స్తుతి. రెబెకా ఆగిపోయింది. అప్పుడే ఆమెకు రెండో ఆలోచన వచ్చింది.

వాళ్ళ చర్చిలో కోత పండుగనాడు అందరూ తెచ్చిన కానుకలు వేలం వేస్తారు. కోళ్ళు, గుమ్మడికాయలు, నువ్వులు, పచ్చళ్ళు. తినే వస్తువు పాడుకున్నవాళ్ళు అక్కడే, అందరిముందూ, ఒక ముద్ద రుచి చూసి, బాగుందని చెప్పి, మిగతాది ఇంటికి తీసుకెళ్ళాలి. అది ఆ సంఘం ఆచారం. రేపు శేషగిరిగారు ముఖ్య అతిథి.

"దంచు," అంది రెబెకా. "బాగా దంచు. ఆయన చేతే పాడిద్దాం."

పాస్టరుగారి దగ్గరికి తనే పోయి ఆ మాట చెప్పింది. ఆయన ఎంతో సంతోషించారు. ఇంటికి వచ్చి చూస్తే ప్రేమమ్మ అప్పటికే రోలు ముందు వేసుకుని కూర్చుంది. రేపటిదాకా ఆగమని బతిమాలి రోలు లోపల పెట్టేసరికి రెబెకాకు చెమటలు పట్టాయి. కానీ ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది. రేపు ఆయన తినాలి. నమిలి, మింగి, బాగుందనాలి. ఆ తర్వాత ఆయన చెవిలో తను ఒక్క మాట చెబుతుంది. ఆ మాట కోసమే తెల్లారాలని ఎదురుచూసింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. స్తంభాలకు చెరకుగడలు కట్టారు. గచ్చు మీద చాపలు వేసి, పెద్దవాళ్ళను ముందు కూర్చోబెట్టారు. ప్రేమమ్మ అందరికంటే ముందుంది, ఉతికిన తెల్లచీర కట్టుకుని. పాస్టరుగారు లేవీయకాండంలోది చదివారు. నీ పొలం కోసేటప్పుడు గట్ల ఓరలు పూర్తిగా కోయకు, రాలిన పరిగె ఏరుకోకు, బీదలకు విడిచిపెట్టు. చదివి, శేషగిరిగారి వైపు చూసి ఈ మాట నెరవేర్చిన మనుషులు ఈ కాలంలోనూ ఉన్నారన్నారు. శేషగిరిగారు కుర్చీలో వినయంగా తల వంచారు.

వేలం మొదలైంది. కోళ్ళు అయ్యాయి, గుమ్మడికాయలు అయ్యాయి. స్తుతి జాడీ బల్ల మీదికి వచ్చింది, వెల్లుల్లి ఘాటులో బూజు వాసనా నలుపూ తెలియడం లేదు. ఇది శేషగిరిగారు ఇచ్చిన తాలుతో దంచిన కారమని పాస్టరుగారు చెప్పేసరికి అందరూ ఆయన వైపు తిరిగారు. ఇక పాడక తప్పుతుందా? పాడారు. ఎవరూ పోటీకి రాలేదు. చప్పట్లు కొట్టారు. విందు కోసం వండిన అన్నంలోంచి ఒక ముద్ద ఆకులో పెట్టి, నెయ్యి వేసి, కారం కలిపి పాస్టరుగారి భార్య ఆయన చేతికి ఇచ్చింది.

రెబెకా ఆడవాళ్ళ వరసలో మూడో చాప మీద ఉంది. ఆయన ముద్ద తీసుకున్నారు. చూశారు. ఆ చూపు ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదు. మింగలేక కక్కలేక అంటారే, ముద్ద ఇంకా నోట్లో పడకముందే ఆయనకు ఆ అవస్థ వచ్చింది. ఆమెకు సంబరంగా ఉంది.

ఆయన లేచారు. రెండడుగులు వేసి చాప దగ్గరికి వచ్చి ప్రేమమ్మ ముందు వంగారు.

"పెద్దదానివి, ముందు నువ్వు తినాలమ్మా," అన్నారు.

సాల్మన్ ఫోను ఎత్తాడు. ప్రేమమ్మ సిగ్గుపడి, సంతోషపడి, చర్చిలో రొట్టె తీసుకునేటప్పుడు తెరిచినట్టు కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

రెండోసారి కూడా అంతే. ఆయన చేతిలో పెట్టిన విషం ఆయన నోటికి పోదు, కిందికే జారుతుంది. రెబెకా ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మనుషుల్ని తొక్కుకుంటూ వచ్చి అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"తినొద్దత్తా."

చర్చి అంతా ఆమెనే చూస్తోంది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

"ఆ తాలు నేను తడిపాను. మనకు కాకుండా పోయిందన్న కోపంతో బిందెలతో నీళ్ళు పోసి పట్టా కప్పాను. లోపలంతా బూజు. మీ ఇళ్ళల్లో ఉన్న కాయలు విరిచి చూసుకోండి. నేను తడిపినట్టు ఈయనకు తెలీదు. పాడైనట్టు మాత్రం తెలుసు. ఇది మనుషులు తినేది కాదు, తగలబెట్టమని గఫూర్ భాయ్ మొహం మీదే చెప్పాడు. మర్నాడు మనకు పంచాడు."

శేషగిరిగారు నిటారుగా నిలబడ్డారు. మీ సంఘం మనిషి చేసిన పని మీరే విన్నారుగా అని పాస్టరుగారితో అన్నారు. కేసు పెడతానన్నారు.

"పెట్టండి బాబుగారూ. స్టేషన్‌కు నేనే నడిచొస్తాను. ముందు ఆ ముద్ద తినండి. బాగుందనే కదా పంచారు?"

ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఉంది. చర్చిలో నేలమీద పారేయలేరు. ఆకులో పెడితే ఒప్పుకున్నట్టు. నోట్లో పెట్టుకుంటే సరే సరి. ఆయన చివరికి జేబురుమాలు తీసి, ముద్దను అందులో మడిచి, లాల్చీ జేబులో పెట్టుకుని బయటికి నడిచారు. తెల్ల లాల్చీ మీద జేబు దగ్గర నెయ్యి మరక పాకుతుంటే సాల్మన్ చూశాడు. అతను వెనకాల పోలేదు.

రెబెకా గెలిచానని అనుకునే లోపే స్తుతి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా పిల్లకు పెట్టేదాన్ని వదినా. నిన్న సాయంత్రం నుంచీ నీకు తెలుసు."

రెబెకా రేపటిదాకా ఆగమన్నాను కదా అనబోయి, ఆ మాట తనకే చిన్నగా వినపడి మానుకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఆమెను తప్పుకుని బయటికి పోయారు. ప్రేమమ్మ మాత్రం చాప మీదే కూర్చుని ఉంది. కోడలు చెయ్యి పట్టుకుని లేచి, గుమ్మం దాటింది. దాటాక అంది.

"తడిపితే ఎర్రకాయ తడపాలి గాని, మన వాటా ఎవరన్నా తడుపుకుంటారటే?"

రెబెకాకు నవ్వు రాలేదు. ముసలామె చెప్పింది నిజం. ఆయన నాది అనగానే తనూ అది ఆయనదే అనుకుంది. అందుకే పాడు చేయగలిగింది. ఆ మాట ఆమెకు అంతవరకు తట్టనే లేదు.

ఇంటికి పోయి గంపలో ఉన్న తాలంతా కొంగులోకి ఒంపుకుంది. ఇంకెవరు వస్తారని అడగలేదు, అడిగే మొహం లేదు. కల్లం దారి పట్టి సగం దూరం పోయాక వెనకాల చెప్పుల చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే పేట ఆడవాళ్ళు వస్తున్నారు, కొంగులు బరువుగా పట్టుకుని, కొందరు గంపలు నెత్తిన పెట్టుకుని. ఆమెకు నాలుగడుగుల దూరంగానే నడిచారు. రోడ్డు మీద రాళ్ళ లారీ ఒకటి పక్కకు తీసి వాళ్ళను పోనిచ్చింది.

గేటు మూసి ఉంది. లోపల శేషగిరిగారి కారు ఉంది, దాని వెనక ఆఫీసు గది కిటికీ తెరలు వేసి ఉన్నాయి. సాల్మన్ వాళ్ళకంటే ముందే వచ్చి ఉన్నాడు. రెండు గేట్లూ బార్లా తెరిచి పక్కకు నిలబడ్డాడు.

రెబెకా సోమవారం నిలబడిన చోటే నిలబడింది.

"కొంగులు దులపమన్నారుగా బాబుగారూ," అంది, ఆ కిటికీ వైపు చూసి. "దులుపుతున్నాం."

దులిపింది. తాలు జరజరా జారి కారు ముందర పడింది. ఆమె పక్కన ఇంకొకళ్ళు దులిపారు, ఆ పక్కన ఇంకొకళ్ళు. గంపలు బోర్లించారు. కుప్ప కారు చక్రాల దాకా పెరిగింది, నల్ల దుమ్ము లేచి అందరికీ దగ్గొచ్చింది. కిటికీ తెర ఒకసారి కదిలి ఆగింది. వచ్చే ఏడు ఈ కల్లంలోకి ఎవరినీ రానివ్వడని అందరికీ తెలుసు. ఇళ్ళకు పోతే జాడీలు ఖాళీగా ఉంటాయని కూడా తెలుసు. అయినా ఒక్కళ్ళూ గుప్పెడు మిగుల్చుకోలేదు.

రెబెకా ఇంకోసారి కొంగు విదిలించింది. నడుము దగ్గర ముడిలో ఒక కాయ ఇరుక్కుని రాలేదు. ఆమె తడుముకుంటుంటే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. స్తుతి. ఆమె రెబెకా మొహం చూడలేదు. ముడి విప్పి, ఆ కాయ తీసి, కుప్ప మీదికి విసిరేసింది.